మరపు కుర్చీ

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు ముందు కూర్చుని గౌరినాయుడు ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది.

"బోరు వీడియో సరిపోయిందా అప్పా? చాలకపోతే ఇంకోటి తీస్తాను," అన్నాడు వాడు, ముల్లు తీసుకుంటూ.

నూకరత్నం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏ బోరు?"

"ఏ బోరేటి? మా కంపెనీ వెనకాల ఎండిపోయిన బోరు. ఇన్నాళ్ళ నుంచీ నీతో ఫోన్లో చెప్తన్నది దాని గురించే కదా."

"నాతో మాట్లాడింది నువ్వా?"

వాడు నవ్వాడు. అక్క మొహం చూసి నవ్వు ఆపేశాడు. "నీకు తెలీదా? గొంతు మార్చే యంత్రం పెడితే మాత్రం తమ్ముణ్ణి పోల్చుకోదేటి అనుకున్నాను. నువ్వే కావాలని ఎరగనట్టు మాట్లాడుతున్నావనుకున్నాను. మీ ఆఫీసు పద్ధతి అదే కదా, పేరడగరు."

నిజమే, పద్ధతి అదే. ఆ పద్ధతే కొంప ముంచింది.

ఆ ఆఫీసు పేరు "కూపీ". విశాఖపట్నంలో కంచరపాలెం మెట్టు దగ్గర, ఒక టైలరు కొట్టు పైన మూడు గదులు. పేపరే గానీ కాగితం ఉండదు, జనం ఫోన్లలో చదువుకుంటారు. ప్రకటనలు తీసుకోరు, ఏ పార్టీ గడపా తొక్కరు. చదివేవాళ్ళు తలా కాస్త వేసుకుంటే నడుస్తుంది. పెద్దవాళ్ళు దాచిపెట్టినదాన్ని బయటికి లాగడం తప్ప వాళ్ళకి వేరే పని చేతకాదు. నూకరత్నం అక్కడ చాలాకాలంగా విలేకరి. వార్త తెచ్చిన మనిషిని పేరడగడం అక్కడ తప్పు. ఆ మనిషి చెప్పబోయినా చెయ్యెత్తి ఆపాలి.

ఈ కట్టుబాటు ఊరికే రాలేదు, అద్దం వచ్చాక వచ్చింది. పక్షవాతంతో నోరు పడిపోయినవాళ్ళ కోసం కనిపెట్టిన యంత్రం అది. తలకి పట్టీలు చుట్టి ప్రశ్న అడిగితే, మనసులో మెదిలిన బొమ్మ తెర మీద కనపడేది. మంచినీళ్ళో, కిటికీయో, కూతురి మొహమో. పాపం, ఎంత మంచి పని. ఏడాది తిరక్కుండా అది ఆసుపత్రిలోంచి పోలీసు స్టేషన్లోకి నడిచి వెళ్ళింది. చట్టంలో దాని పేరు స్మృతి పరీక్ష. కోర్టు ఉత్తర్వు ఉంటే చాలు, విలేకరిని కూర్చోబెట్టి "ఈ సమాచారం ఎవరిచ్చారు?" అని అడుగుతారు. నోరు కట్టేసుకోవచ్చు, మనసుని ఏం పెట్టి కట్టేస్తాం? కూపీ ఎడిటర్ బెహరా గారి తలలోంచి లోకనాథం అనే హార్బరు గుమాస్తా మొహం అలాగే బయటపడింది. నెల తిరక్కుండా లోకనాథం లారీ కింద పడి పోయాడు. పడ్డాడో, ఎవరు పడేశారో, ఆ కూపీ మాత్రం ఇప్పటిదాకా ఎవరూ లాగలేకపోయారు.

ఆ తరవాతే డాక్టర్ జుబేదా ఉద్యోగం వదిలేసి వీళ్ళ దగ్గరికి వచ్చింది. అద్దాన్ని తయారుచేసినవాళ్ళలో ఆవిడా ఒకరు. కూపీ వెనక గదిలో ఆవిడ ఒక కుర్చీ కట్టింది. వార్త వేసేముందు, తెచ్చిన మనిషిని చూసిన విలేకరి ఆ కుర్చీ ఎక్కి దిగాలి. దిగేసరికి ఆ మనిషి తలలో ఉండరు. లేనివాణ్ణి ఏ అద్దమూ చూపించలేదు.

రత్నం ఇప్పటికి చాలాసార్లు ఎక్కి దిగింది. చేపల బజారులో ఎవరో ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, బస్సులో ఎవరో లేచి సీటిస్తారు. ఎవరో తెలియదు. నవ్వి ఊరుకుంటుంది. ఊళ్ళో సగంమంది తనని ఎరుగుదురు, తను మాత్రం ఎవరినీ ఎరగదు. ఇంటికొస్తే అమ్మ నరసమ్మ, ఆదివారాలు గౌరి. ఆ ఇద్దరి దగ్గరే ఆమెకి ఊపిరాడేది.

అందుకే ఆమె చెయ్యి కడిగేసుకుని తమ్ముణ్ణి డాబా మీదకి తీసుకెళ్ళింది.

"ఈ వార్త ఆపేస్తాను," అంది.

"ఆపితే నేనే రోడ్డెక్కి చెప్తాను." గౌరి గొంతులో కోపం లేదు. "ఆ వాల్వు తిప్పింది నేనప్పా. మందుల కంపెనీ మురుగంతా శుద్ధి చెయ్యకుండా బోరులోకి దింపమంటే దింపేను. నా చేత్తోనే. పక్కనే చిన్నారిపాలెం. వాళ్ళ బావుల్లోకి ఊరుతోంది. మొన్న డయాలసిస్ గదిలో ఒక పిల్లని చూసేను, తొమ్మిదేళ్ళుంటాయేమో. మంచం మీద కాళ్ళు ఊపుకుంటా కూచుంది. ఆపుతానంటే ఎలగ?"

రోడ్డెక్కితే వీడూ లారీ కిందకే. వేస్తే అద్దం వస్తుంది, అద్దంలో వీడి మొహం వస్తుంది. రత్నానికి మూడో దారి కనపడలేదు. చివరికి కుర్చీ సంగతి చెప్పింది. బయటివాళ్ళకి చెప్పకూడని మాట అది.

గౌరి చాలాసేపు పిట్టగోడ మీద సున్నం గోకుతూ కూర్చున్నాడు. "అయితే వార్త తెచ్చినవాణ్ణి మర్చిపో. నన్ను ఉంచుకో," అన్నాడు.

"వాళ్ళు ఒక్క ప్రశ్నే అడగరురా. 'ఆ కంపెనీలో నీకు తెలిసినవాళ్ళెవరు' అంటారు. నువ్వు వచ్చేస్తావు. 'చిన్నప్పటి నుంచీ నీకు బాగా కావలసినవాళ్ళెవరు' అంటారు. నువ్వే వస్తావు."



ఒక్క సంగతి మాత్రం కలిసొచ్చింది. గౌరి నరసమ్మ కన్నబిడ్డ కాదు. ఆమె చెల్లెలు పోతే మూడేళ్ళవాణ్ణి తెచ్చి పెంచుకుంది. కాగితాల్లో వాడి తండ్రి వేరు, ఊరు టెక్కలి వైపు, ఇంటిపేరు వేరు. పోలీసులు ఎన్ని రికార్డులు తిరగేసినా ఈ ఇద్దరూ అక్కాతమ్ముళ్ళని చెప్పే ముక్క దొరకదు. అరవై దాటినవాళ్ళ జ్ఞాపకాలు కలగాపులగంగా వస్తాయని, వాళ్ళకి ఈ పరీక్ష పెట్టడానికి కోర్టు ఈమధ్య ఒప్పుకోవడం లేదు కాబట్టి, నరసమ్మకి అద్దం బెడద లేదు. ఇక మిగిలింది రత్నం తల ఒక్కటే.

నరసమ్మకి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది. విన్నంతసేపూ చేట కింద పెట్టలేదు.

"ఇద్దర్ని పెంచేను," అంది చివరికి. "ఇప్పుడు ఒకరికి తెలీకుండా ఇంకొకర్ని దాచమంటున్నారు. నేనేటి, దొంగసొత్తు దాచేదాన్నా?"

"వాడు బతకాలమ్మా."

"వాడు బతుకుతాడు. నీకేటి మిగులుతుందే?"

ఆ వారంలోనే వాళ్ళు ఎవరూ ఎరగని మధురవాడకి ఇల్లు మారారు. చుట్టాలు కేసుల భయానికి ఎప్పుడో రాకపోకలు మానేశారు, అదీ ఒకందుకు మంచిదైంది. గోడల మీద ఫొటోలన్నీ తీసి నరసమ్మ ఒక దుప్పట్లో మూటగట్టి గౌరి చేతికిచ్చింది. వాడు మూట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడ అక్కాతమ్ముళ్ళు ఏడ్చారు. సిగ్గుపడకుండా, పక్కింటివాళ్ళు వింటారని చూడకుండా ఏడ్చారు.

కుర్చీ ఉన్న గదికి కిటికీ లేదు. జుబేదా రత్నం తలకి చల్లటి జిగురు రాసి తీగలు అతికించింది, చేతికి సూది గుచ్చింది. ఆవిడ తన చెవుల్లో వాన చప్పుడు పెట్టుకుంటుంది, విలేకరి చెప్పేది వినపడకూడదని. ఆవిడ చూసేది తెర మీద వెలిగే చుక్కల్నే. మనిషి గురించి మాట్లాడుతుంటే ఆ మనిషి తాలూకు చుక్కలు వెలుగుతాయి. బయటికి తీసిన జ్ఞాపకం కాసేపు మెత్తగా ఉంటుంది. మళ్ళీ గట్టిపడేలోగా మందు ఎక్కితే కరిగిపోతుంది. మామూలుగా గుప్పెడు చుక్కలు, అరగంట పని.

రత్నం మొదలుపెట్టింది. "మా పిన్ని పోయినరోజు తుపాను. అమ్మ వాడికి ఎవరిదో పెద్ద చొక్కా తొడిగి ఎత్తుకొచ్చింది. రెండ్రోజులు ఎవరు పెట్టినా తినలేదు. నేను పెడితే తిన్నాడు."

తెర అంతా ఒక్కసారి వెలిగిపోయింది. జుబేదా గబుక్కున చెవుల్లోంచి వానని తీసేసింది.

"రత్నం, ఎవరమ్మా ఇది?" అంది. వెంటనే తనే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. చెప్పకు. కానీ నేనిది చెయ్యను. ఇంతమేర తీసేస్తే నీలో ఏముంటుంది? బెహరా గారితో నేను మాట్లాడతాను. వార్త ఆపుదాం."

"మీరు ఆపినా ఆ మనిషి ఆగడు డాక్టరుగారూ. వాన పెట్టుకోండి."

జుబేదా తీగలు ఊడదీయబోయింది.

"లోకనాథం గారి భార్యని మీరు చూశారు కదా," అంది రత్నం. "పెట్టుకోండి."

ఆవిడ పెట్టుకుంది. రత్నం చెప్పడం మొదలుపెట్టింది. ఏదీ మిగలకూడదు, మిగిలిందే వాణ్ణి పట్టిస్తుంది. వాడు ఉరుములకి భయపడి తన జడ పట్టుకుని పడుకోవడం చెప్పింది. ఇంటర్ తప్పి సింహాచలం కొండ మీద దాక్కుంటే వెతికి తెచ్చి, కొట్టబోయి అన్నం పెట్టడం చెప్పింది. చదువురాని అమ్మకి ఆదివారాలు తన వార్తలు పైకి చదివి వినిపిస్తూ, మధ్యమధ్యలో "ఇక్కడ అప్ప కోతలు కోసింది" అని ఏడిపించడం చెప్పింది. చెపుతూ నవ్వింది. నవ్వుతూండగానే, ఎందుకు నవ్వుతోందో సగం తెలియకుండా పోయింది. జడ ఎవరో పట్టుకునేవారు. ఎవరు? మాట వెనక్కి తిప్పి చూసుకునేసరికి అక్కడ బోసిగా ఉంది. మొదట్లో ఒక్కో మాటా బలవంతాన బయటికి లాగాల్సి వచ్చింది, పోనుపోను తేలిగ్గా వచ్చింది. అలా తేలికవడమే భయం వేసింది ఆమెకి. కాసేపటికి ఆ భయం కూడా దేని గురించో గుర్తు రాలేదు.

చుక్కలన్నీ ఆరిపోయాక జుబేదా తీగలు ఊడదీసింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది డాక్టరుగారూ, ఒంట్లో బాలేదా?" అని పరామర్శించింది రత్నం.

వార్త వేశారు. వేసిన వారానికే అద్దానికి పిలుపు వచ్చింది. కూర్చోబెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అడిగారు. బోరు గురించి అడిగితే బోరు కనపడింది, వీడియో గురించి అడిగితే వీడియో కనపడింది. ఫోన్లో మాట్లాడింది ఎవరంటే తెర తెల్లగా ఉండిపోయింది. అడుగుతున్న అధికారి చివర్లో విసుగెత్తి, "చిన్నప్పటి నుంచీ మీకు బాగా కావలసినవాళ్ళని తలుచుకోండి" అన్నాడు. నరసమ్మ వచ్చింది. చేట పట్టుకుని కూర్చున్న నరసమ్మ ఒక్కతే.

కంపెనీ ఆ బోరు పూడ్చేసింది, చిన్నారిపాలేనికి మంచినీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. సమాచారం దొంగిలించారని కంపెనీ పెట్టిన కేసు మాత్రం సాగుతూనే ఉంది, అదున్నంతకాలం ఎప్పుడైనా మళ్ళీ అద్దానికి పిలవొచ్చు. రత్నానికి బోలెడు పేరొచ్చింది. సభలో శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆ శాలువా మడతపెడుతుంటే ఏడుపొచ్చింది. ఇంత సంతోషం ఎవరికో చెప్పాలనిపించింది, ఎవరికో తెలియలేదు. అమ్మకి చెప్పింది. అమ్మ విని, లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఆమెకి ఇంట్లో ఎక్కడ చూసినా ఏదో వెలితి. అమ్మ ఆదివారం చేపల పులుసు ఇద్దరికి ఎక్కువయ్యేంత పెట్టేది, మిగిలినది చూసుకుని ఊరుకునేది. జ్ఞాపకాల్లో కూడా అంతే. వానలో బడి నుంచి నడిచి వస్తున్నట్టు గుర్తు. గొడుగు ఒక పక్కకి వంచి పట్టుకుంది, భుజమంతా తడిసిపోతోంది. గొడుగు కింద ఎవరూ లేరు. అలా ఎందుకు పట్టుకుందో ఎంత ఆలోచించినా తట్టదు.

నరసమ్మ ప్రతి శనివారం టిఫిను క్యారేజీ పట్టుకుని గుడికని వెళ్ళేది. ఏ గుడికీ ఎవరూ మూడు గిన్నెల క్యారేజీతో వెళ్ళరు. ఊరందరి గుట్టూ లాగే మనిషికి అమ్మ గుట్టు తెలియకుండా ఉంటుందా? ఏదో దాస్తోందని తెలుసు. పైగా, రత్నం తన వార్త చదివి వినిపించకముందే, "చిన్నారిపాలెం పిల్ల గురించి బాగా రాసేవు" అనేది.

"నీకెవరు చదివారు?"

"ఎవరో పుణ్యాత్ముడు. గుళ్ళో."

రత్నం ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ఆ ముసలావిడ దాచలేకపోయేది. కానీ అడగలేదు. పేరు చెప్పనివాళ్ళని గుచ్చి అడగకపోవడం ఇన్నేళ్ళలో ఆమెకి ఒంటికి పట్టేసింది, కన్నతల్లి దగ్గర కూడా.

మరుసటేడు శ్రావణమాసంలో ఒక శనివారం పొద్దున్న, క్యారేజీ సర్దుకుంటూ నరసమ్మ వంటింట్లోనే కూలబడిపోయింది. ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదు. మధ్యాహ్నానికల్లా ఇంటి ముందు పాడె కడుతున్నారు.

కూపీవాళ్ళు వచ్చారు. డెబ్భై దాటిన బెహరా గారిని జుబేదా పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్త పేట కాబట్టి ఇరుగుపొరుగు పదిమంది కూడా లేరు. పక్క వీధి పెద్దాయన ఒకాయన పూనుకుని అన్నీ చేయిస్తున్నాడు.

"ఆడపిల్లవి తలకొరివి పెడతానంటున్నావు, బాగానే ఉంది. కానీ కొడుకు వరసవాళ్ళు ఒక్కరైనా లేరేటమ్మా?" అన్నాడు.

"లేరండి. నేనొక్కదాన్నే."

ఆ మాట అంటూ తలెత్తేసరికి గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముప్ఫై దాటి ఉంటాయి. చెమటతో చొక్కా తడిసిపోయింది, ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చినవాడిలా ఉన్నాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గేటు ఊచ పట్టుకున్నాడు. పాడె ఎత్తడానికి ముగ్గురే తేలారు. పెద్దాయన అటూ ఇటూ చూస్తుంటే రత్నమే అతని దగ్గరికి వెళ్ళింది.

"ఏమీ అనుకోకండి. మా అమ్మ పోయారు. మోయడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. మీరు కాస్త భుజం పడతారా?"

అతను ఆమె వంక చూశాడు. "పడతానండి," అన్నాడు.

తల వైపు పట్టుకున్నాడు. దారి పొడుగునా మిగతావాళ్ళు భుజం మార్చుకున్నారు, అతను మార్చుకోలేదు. రత్నం నిప్పు కుండ పట్టుకుని ముందు నడుస్తోంది కాబట్టి అతని మొహం చూడలేదు. శ్మశానంలో దించి, నోట్లో బియ్యం వేసేటప్పుడు చూసింది. అతను ఎంతగా ఏడుస్తున్నాడంటే గింజలన్నీ పక్కకి రాలిపోయాయి. పరాయివాళ్ళెవరూ అలా ఏడవరు. ఎవరై ఉంటారు? అప్పుడామెకి శనివారాల క్యారేజీ గుర్తొచ్చింది. అమ్మ దాచిన మనిషి ఇతనే. అమ్మ ఒక మనిషిని తనకి తెలియకుండా ఎందుకు దాస్తుంది? దానికి ఒక్కటే కారణం ఉంటుంది. విలేకరి కదా, ముక్కకి ముక్క అతికించుకుంది.

అతన్ని కట్టెల పక్కకి పిలిచింది. "మీ పేరు..." అంది, నోరు జారి.

అతని పెదవులు కదిలాయి. రత్నం చప్పున చెయ్యెత్తింది.

"వద్దు, చెప్పకండి. మీరెవరో నాకు అర్థమైంది."

అతని మొహం మారిపోయింది. ఒక అడుగు ముందుకు వేశాడు. "అప్..." అని ఆగిపోయాడు.

"మీరు మా పేపరుకి ఎప్పుడో ఏదో తెచ్చిచ్చారు," అంది రత్నం మెల్లగా. "మిమ్మల్ని మర్చిపోవాల్సి వచ్చింది. అమ్మకి మీరు తెలుసు, నాకు చెప్పలేదు. ఇక మీరు వెళ్ళిపోవాలి. వచ్చే నెల నన్ను మళ్ళీ అద్దానికి పిలిచారు. మీ మొహం నా కళ్ళలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది."

అతను వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. "అయ్యేదాకా ఉంటానండి. నిప్పు పెట్టేదాకా. వెనకాల నిలబడతాను, మీకు కనపడను."

"నా మాట వినండి. ఒకాయన్ని ఇలాగే పోగొట్టుకున్నాం. ఇక్కడ ఎవరు ఎవరి మనిషో చెప్పలేం. మీ ఇంట్లోనూ అమ్మ ఉంటుంది కదా, ఆవిడ కోసమైనా వెళ్ళండి."



"ఒక్కసారి కాళ్ళకి దణ్ణం పెట్టుకుని వెళ్తానండి," అన్నాడు.

"పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. నరసమ్మ పాదాల మీద నుదురు ఆనించి, లేచి, తల తిప్పకుండా నడిచి వెళ్ళిపోయాడు. అతను గోడ మలుపు దాటేదాకా రత్నం చూస్తూ నిలబడింది. ఇంత దుఃఖంలోనూ ఆమెకి కాస్త నిబ్బరం కలిగింది. ఒక మనిషిని కాపాడింది, అది చాలనుకుంది.

కాటికాపరి కొరివి అందిస్తూ చుట్టూ చూశాడు.

"ఇంకెవరైనా రావాలా తల్లీ? ఉంటే చెప్పు, ఆగుదాం."

"ఎవరూ లేరు," అంది నూకరత్నం. "కానివ్వండి."